తోట ట్రాక్టరుకు వైద్యం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం షెడ్డుల్లోనూ చెట్ల కిందా ఏళ్ల తరబడి నిలిచిపోయిన చిన్న ట్రాక్టర్ల గురించే ఉన్నాయి. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాము. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాము.

ప్రశ్న: మా నాన్నగారు మామిడితోట కోసం కొన్న ఒకే సిలిండరు ఐషర్ ట్రాక్టరు తొమ్మిదేళ్లుగా రేకుల షెడ్డులో ఉంది. ఆయన పోయాక దాన్ని ఎవరూ కదిలించలేదు. మొన్న కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే టక్కుమని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంది. ఒక మెకానిక్ వచ్చి ఇంజను పట్టేసిందనీ, దించి పిస్టను, బోరు (పిస్టను ఆడే సిలిండరు గొట్టం) మార్చాలనీ అన్నాడు. మా బాబాయి మాత్రం ఇంకో ట్రాక్టరుకు కట్టి గేరులో లాగితే అదే విడిపోతుందంటున్నారు. ఎవరి మాట వినమంటారు? — ఒక రైతు, నూజివీడు

సమాధానం: మెకానిక్ మాట నిజమైనా కావచ్చు గాని దాన్ని ఇంకా ఎవరూ రుజువు చేయలేదు, మీ బాబాయిగారి సలహాను మాత్రం దయచేసి పాటించవద్దు. తుప్పుతో సిలిండరు గోడకు అతుక్కున్న పిస్టనును చక్రాల బలంతో ఒక్కసారిగా లాగితే, అది కదలకపోతే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, కదిలితే రింగులు ముక్కలై బోరును గీసుకుంటూ పోతాయి. కుర్రతనంలో నేనే ఒక పంపుసెట్టు ఇంజనును ఇలా తొందరపడి తిప్పించి రింగు విరగ్గొట్టాను. వందల్లో తేలవలసిన పని ఆ రోజు వేలలోకి వెళ్లింది.

టక్కుమన్న శబ్దం ఒక్కదానితోనే ఇంజను పట్టేసిందని తేల్చడానికి వీల్లేదు. తొమ్మిదేళ్లు ఊరికే ఉన్న బండిలో బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్తు తీగ కొసలు తుప్పు పట్టినా, సెల్ఫ్ మోటారు పినియను ఫ్లైవీలు పళ్లలో ఇరుక్కున్నా, సెల్ఫ్‌కు కరెంటు కలిపే సోలినాయిడ్ కాంటాక్టులు మాడిపోయినా అదే శబ్దం వస్తుంది. ముందు తీగ కొసలను గరుకు కాగితంతో రుద్ది బిగించండి. అప్పటికీ మార్పు లేకపోతే గేరును న్యూట్రల్‌లో పెట్టి, సిలిండరులోకి డీజిలు చిమ్మే నాజిల్ విప్పి పక్కన పెట్టి, క్రాంకు షాఫ్టు కొసనున్న కప్పీ నట్టుకు పొడవైన పానా తగిలించి చేత్తో తిప్పి చూడండి. నాజిల్ విప్పిన ఇంజనులో కంప్రెషను అడ్డు ఉండదు కాబట్టి, చేతికి మెత్తగా తిరిగితే జబ్బు సెల్ఫ్ వైపు ఉన్నట్టు, అసలు చలించకపోతే పిస్టను వైపు ఉన్నట్టు.

పిస్టను పట్టేసిందని రూఢి అయ్యాక కావలసింది ఓపికే. నాజిల్ రంధ్రం గుండా డీజిలూ ఆటోమేటిక్ గేరు పెట్టెలకు వాడే పలుచని ఎర్ర ఆయిలూ సమపాళ్లలో కలిపి, చిన్న టీ గ్లాసుడు పోయండి. రోజుకొకసారి కొంచెం పోస్తూ వారం రోజులు ఆగి, తరువాత అదే పానాతో ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు, బలం చూపకుండా ఊపుతూ ఉండండి. మొదట వెంట్రుకవాసి కదులుతుంది, మరునాటికి వేలెడు కదులుతుంది. పూర్తిగా తిరిగిన తరువాత కూడా నాజిల్ బిగించకుండానే సెల్ఫ్‌తో నాలుగైదు చుట్లు తిప్పి, లోపల మిగిలిన ద్రవాన్ని బయటికి చిమ్మించాలి. ఆ సమయంలో రంధ్రానికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. లోపలికి పోసినదానిలో చాలా భాగం రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిలులో కలిసి ఉంటుంది కాబట్టి, ఆ ఆయిలుతో ఇంజను నడపకుండా వెంటనే మార్చాలి.

ఇక స్టార్టు చేసే ముందు చూడవలసినది, చాలామంది మరచేది, డీజిల్ పంపు ర్యాకు. డీజిల్ ఎంత వెళ్లాలో నిర్ణయించే ఆ చిన్న కడ్డీ పాత డీజిల్ జిగురుకు ఫుల్లు దగ్గర బిగుసుకుపోయి ఉంటే, ఇంజను అంటుకున్న మరుక్షణం వేగం అదుపు తప్పి పెరుగుతుంది. ఆపే తీగ లాగినా ఆగదు. అందుకని పంపు పక్క మూత తీసి, ర్యాకు వేలితో నెడితే స్వేచ్ఛగా వెళ్లి వస్తోందో లేదో ముందే చూడండి. అనుమానం ఏ మాత్రం ఉన్నా పంపును విప్పించి ఆటోనగర్‌లో కాలిబ్రేషను చేసేవారి దగ్గరికి పంపండి. తొలిసారి స్టార్టు చేసేటప్పుడు ఎయిర్ క్లీనరు గొట్టం ఊడదీసి, గాలి నోటికి సరిపడా చెక్కపలక పట్టుకొని ఒక మనిషిని పక్కన ఉంచండి. వేగం ఎగబాకితే ఆ పలకను నోటికి అడ్డంగా నొక్కితే గాలి అందక ఇంజను ఆగుతుంది. అరచేయి మాత్రం ఎన్నడూ అడ్డు పెట్టకూడదు.

మీ బండికి మాత్రమే చెందిన మాట ఇంకొకటి ఉంది. 1959లో ఫరీదాబాద్ నుంచి ట్రాక్టర్లు తేవడం మొదలుపెట్టిన ఐషర్, జర్మనీలోని అదే పేరు గల సంస్థ సాంకేతికతతో వచ్చినది. ఆ వంశానికి చెందిన ఒకే సిలిండరు ఇంజన్లను చల్లబరచేది నీరు కాదు, గాలి. రేడియేటరు లేదు గనుక పని తక్కువని అనుకోకండి. సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల మధ్య తొమ్మిదేళ్లలో ఎలుకలు గూడు కట్టి ఉంటాయి, కందిరీగలు మట్టి పెట్టి ఉంటాయి. గాలి తొడుగు రేకు విప్పి ప్రతి సందునూ పుల్లతో గీకి శుభ్రం చేయకుండా పది నిమిషాలు నడిపితే, వారం రోజులు కష్టపడి విడదీసిన పిస్టను ఈసారి వేడికి పట్టేస్తుంది.

ఇన్ని చేసి స్టార్టు చేశాక నీలిపొగ ఆగకుండా వస్తూ, ఆయిలు తగ్గుతూ, పొద్దున్నే స్టార్టు కావడానికి మొరాయిస్తూ ఉంటే, అప్పుడు మీ మెకానిక్ చెప్పిన పని చేయించండి. అప్పుడైనా బోరు గేజీతో కొలిపించిన తరువాతనే. అరుగుదల బోరు పైభాగంలో, పై రింగు ఆగి వెనుదిరిగే చోట అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. అక్కడి కొలతకూ కింది కొలతకూ ఉన్న తేడాయే కొత్త సామాను కావాలో, రింగులతో సరిపోతుందో చెబుతుంది.

ప్రశ్న: పాత బండికి స్పేరు పార్టులు ఏ షాపులో అడిగినా "ఆ మోడలు ఆగిపోయింది" అంటున్నారు. బండిని పాత సామాన్ల వాళ్లకు అమ్మేయడం తప్ప దారి లేదా? — గుంటూరు, మంగళగిరి, తాడేపల్లి పాఠకులు

సమాధానం: మీరు మోడలు పేరుతో అడుగుతున్నారు కాబట్టి లేదంటున్నారు, కొలతతో అడిగి చూడండి. బేరింగు చాలావరకు ఏ ఒక్క ట్రాక్టరు కంపెనీ సొత్తూ కాదు. పాత బేరింగును కిరోసినుతో కడిగి, అంచు మీద చెక్కిన అంకె చదవండి. అక్కడ 6205 అని ఉంటే లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, మందం 15 అని ప్రపంచమంతటా ఒకే అర్థం, అది పంపుసెట్టులోదైనా ట్రాక్టరులోదైనా సరే. ఆయిల్ సీలు మీద కూడా లోపలి కొలత, బయటి కొలత, మందం అదే వరుసలో అచ్చు వేసి ఉంటాయి. ఈ అంకెలు కాగితం మీద రాసుకొని విజయవాడ ఆటోనగర్‌లోనో, గుంటూరులోనో బేరింగుల దుకాణానికి వెళితే బండి పేరు ఎవరూ అడగరు.

ముందు ఇరుసు కింగ్ పిన్నులకూ (చక్రం మలుపు తిరిగే కడ్డీలకూ), స్టీరింగు కీళ్లకూ వేసే గన్‌మెటల్ బుష్షులను (లోహపు తొడుగులను) ఏ మంచి లేతు షాపులోనైనా తిప్పి ఇస్తారు. పిన్నును కూడా వెంట తీసుకెళ్లి దాని మీదే కొలిపించండి, ఎందుకంటే అరిగిన పిన్నుకు కొత్త కొలత బుష్షు వేస్తే నెల తిరిగేసరికి మళ్లీ ఊగుతుంది. బోల్టుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. జర్మన్ వంశపు బండ్లకు మిల్లీమీటరు మరలు ఉంటే, ఇంగ్లండు వంశపు మాస్సీ, ఇంటర్నేషనల్ బండ్లకు ఎక్కువగా ఇంచీ మరలు ఉంటాయి. కొలత దగ్గరగా ఉందని ఒకదానిలో మరొకటి బలవంతంగా బిగించిన చోట కేసింగు మర చెడిపోతుంది. చెడిన మరను సరిచేయడానికయ్యే ఖర్చుతో సరైన బోల్టులు డబ్బాడు కొనుక్కోవచ్చు. అన్ని దారులూ మూసుకుపోయేది గేరు పళ్లు, పంపు లోపలి భాగాలు, క్రాంకు షాఫ్టు దగ్గరే. వాటికోసం అదే మోడలు పాత బండిని మరొకదాన్ని కొని విప్పుకోవడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా మాస్సీ ఫెర్గూసన్ 1035 బానెట్టు దాకా నీళ్లలో ఉంది. నీరు తీశాక ఇంజను ఆయిలు మార్పించి నడిపించాము, ఇంజను బాగానే ఉంది. కాని క్లచ్ తొక్కినా విడవకుండా గేర్లు కీచుమంటున్నాయి. కల్టివేటరు ఎత్తి ఉంచితే ఐదు నిమిషాల్లో దానంతట అదే కిందికి దిగుతోంది. — అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

సమాధానం: మునిగిన బండికి ఇంజను ఒక్కటే కాదు పొట్ట, గేరు పెట్టె, వెనక హౌసింగు, క్లచ్ గూడు, చక్రాల కుంభాలు, సెల్ఫ్, డీజిల్ ట్యాంకు అన్నీ నీళ్లు తాగినవే. మీరు ఇంజను ఆయిలు ఒక్కటే మార్పించినందువల్లే మిగతా జబ్బులు ఇప్పుడు ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి.

మాస్సీలో గేరు పెట్టెకూ, వెనక హౌసింగుకూ, హైడ్రాలిక్ పంపుకూ ఒకే ఆయిలు. పంపు ఆ ఆయిలులోనే మునిగి ఉండి, పీటీవో షాఫ్టు (వెనక తగిలించే పనిముట్లను తిప్పే ఇరుసు) తిరిగితే తిరుగుతుంది. డిప్‌స్టిక్కు తీసి చూడండి: ఆయిలు మజ్జిగలా తెల్లగా ఉంటే నీరు ఇంకా లోపల ఉన్నట్టే. బండిని అరగంట నడిపి, ఆయిలు వేడిగా ఉండగానే కింది ప్లగ్గులన్నీ తీసి రాత్రంతా కార్చండి. మరునాడు తక్కువ ధర ఆయిలు పోసి పది గంటలు పని చేయించి దాన్నీ పారబోసి, ఆపైన మాత్రమే అసలు ఆయిలు పోయండి. తెల్లదనం పోకపోతే ఈ పని మూడోసారి కూడా తప్పదు.

ఆయిలు శుభ్రమయ్యాక కూడా కల్టివేటరు దిగుతుంటే, కారుతున్న చోటు ఎక్కడో కళ్లతో చూడటానికి ఫెర్గూసన్ పద్ధతి బండ్లలో మంచి వీలుంది. ఆయిలును కొంత దించి, పక్క మూత విప్పి, ఇంజను నడుస్తుండగా బరువు ఎత్తి ఆపి, టార్చి వేసి లోపలికి చూడండి. లిఫ్ట్ సిలిండరు నోటి నుంచి ఆయిలు ధారగా పడుతుంటే పిస్టను సీలు పోయింది. పంపు వైపు నుంచి కారుతుంటే వాల్వులో తుప్పు రేణువు ఇరుక్కుంది, లేదా వాల్వు గీసుకుపోయింది. సీలు మార్చడం ఊళ్లోనే అయ్యే పని. పంపు వాల్వు పని మాత్రం తెలిసినవారితోనే చేయించాలి. చూసేటప్పుడు పనిముట్టు కింద రెండు గట్టి దుంగలు పెట్టండి. ఎత్తిన బరువు కింద చేయి, కాలు పెట్టి చూసే అలవాటు మన మెకానిక్కులలో చాలామందికి ఉంది. అది చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కొని ఉంటుంది. వెంటనే బండిని మధ్యకు విడదీయించకండి. రాత్రిపూట క్లచ్ పెడలును పూర్తిగా తొక్కి, కర్రముక్క అడ్డు పెట్టి నాలుగైదు రోజులు అలాగే ఉంచండి. తరువాత ఇంజనును బాగా వేడెక్కించి ఆపి, ఖాళీ పొలంలో, ముందు మనుషులూ గట్లూ లేని చోట, పై గేరులో పెట్టి, క్లచ్ తొక్కి ఉంచే స్టార్టు చేయండి. బండి అతుక్కున్న క్లచ్‌తోనే కదులుతుంది. పెడలు వదలకుండా బ్రేకులు కొట్టి కొట్టి వదలండి. ఎక్కువసార్లు ప్లేటు టప్పున విడిపోతుంది. మూడు ప్రయత్నాలకు విడవకపోతే విడదీయించడమే మార్గం. అలా విడదీసినప్పుడు ప్లేటుతోపాటు రిలీజు బేరింగునూ, వెనక సీలునూ మార్చండి, ఎందుకంటే ఆ కూలి రెండోసారి పెట్టడం దండగ.

ప్రశ్న: అరటితోట ట్రాక్టరుకు మళ్లీ పాత రంగు వేయించాలని ఉంది. ఇసుక కొట్టించి రంగు వేయమంటున్నారు. మంచిదేనా? — కొల్లిపర

సమాధానం: విడి భాగాలకు మంచిది, కలిసి ఉన్న బండికి చెరుపు. ఇసుక రేణువు సీలు అంచు దాటి బేరింగులోకి వెళితే రంగు ఆరేలోపు మీ పని మళ్లీ మొదలవుతుంది. బండి మొత్తాన్ని డీజిలుతో తుడిచి, సబ్బునీళ్లతో కడిగి, తీగ బ్రష్షుతో గీకి, తుప్పు ఉన్న చోట్ల మాత్రమే ప్రైమరు కొట్టించండి. అసలు రంగు తెలియాలంటే సీటు కింద, ట్యాంకు కింద, ఎండ తగలని చోట తుడిచి చూడండి. నంబరు ప్లేటు, గ్రీజు నిప్పిళ్లు, రేడియేటరు రెక్కల మీద రంగు పడకుండా కాగితం అతికించమని ముందే చెప్పండి. రేడియేటరు మీద మందంగా రంగు పడితే ఇంజను వేడెక్కుతుంది.

ప్రశ్న: పాత ట్రాక్టరు ఆర్‌సీ గడువు ఎప్పుడో తీరింది. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు ప్రత్యేక నంబరు ఇస్తారని విన్నాను. దానికి దరఖాస్తు చేయవచ్చా? — తెనాలి

సమాధానం: 2021లో కేంద్రం తెచ్చిన ఆ నిబంధన రెండు చక్రాల బండ్లకూ కార్లకూ ఉద్దేశించినది, మీ ట్రాక్టరుకు వర్తించదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం వ్యవసాయ ట్రాక్టరు వంటి రవాణాకు చెందని వాహనానికి ఆర్‌సీ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆపైన తనిఖీ జరిగాక ఐదేసి ఏళ్లకు పునరుద్ధరిస్తారు. బ్రేకులు, లైట్లు సరిచేయించి, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు చదవడానికి వీలుగా శుభ్రం చేసి రవాణా శాఖ కార్యాలయానికి తీసుకెళ్లండి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి అమెరికాలోని ఒహాయోలో ఇల్లు కొంటే, దానితోపాటు గ్యారేజీలో 1960ల నాటి కబ్ క్యాడెట్ అనే చిన్న గడ్డి కోసే ట్రాక్టరు వచ్చింది. స్టార్టు అవుతుంది, ఇరవై నిమిషాలకు ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ నడుస్తుంది. వాడు ఇంజను తీసేసి కొత్తది వేస్తానంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. — బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మీ మనసే సరైనది. ఆ బండిని 1960ల తొలినాళ్లలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో తయారుచేయడం మొదలుపెట్టింది. మహీంద్రాతో కలిసి 1960లలో మన దేశానికి బి-275 ట్రాక్టరును తెచ్చినది కూడా ఆ సంస్థే. కృష్ణా డెల్టాలో దమ్ము చేసిన బి-275కు మీ అబ్బాయి గ్యారేజీలోని బండి దూరపు చుట్టమన్న మాట. తొలి కబ్ క్యాడెట్లకు కోలర్ కంపెనీ ఏడు హార్స్‌పవరు పెట్రోలు ఇంజను ఉండేది. ఆ కోలర్ వరుస ఇంజన్లు ఇప్పటికీ వేల సంఖ్యలో పని చేస్తున్నాయి.

వేడెక్కి ఆగి, చల్లారి నడిచే పెట్రోలు ఇంజనులో ముందు అనుమానించవలసినవి రెండు. ఒకటి ఇంధనం ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం పూడిపోవడం. ఈసారి ఆగగానే మూతను వదులు చేసి వెంటనే స్టార్టు చేసి చూడమనండి. వెంటనే నడిస్తే జబ్బు మూతలోనే ఉంది. రెండవది నిప్పురవ్వ పుట్టించే భాగాలైన కండెన్సరు లేదా ఇగ్నిషను కాయిలు వేడికి పాడవడం. ఆగిన క్షణంలోనే స్పార్క్ ప్లగ్గు విప్పి, తీగ తగిలించి ఇంజను లోహానికి ఆనించి తిప్పితే నిప్పురవ్వ నీలంగా గట్టిగా రావాలి. పెట్రోలు ఆవిరి ఉన్న చోట ఈ పరీక్ష చేయకూడదు. రవ్వ పసుపుగా, బలహీనంగా ఉంటే ముందుగా కండెన్సరు మార్చమనండి. అది చవక. కాయిలు ధర ఎక్కువ కాబట్టి దాని వంతు తరువాత.

కండెన్సరు మార్చేటప్పుడే పాయింట్లనూ (రవ్వ కోసం కరెంటును తెంపే చిన్న స్విచ్చును) చూడాలి. ఆ ఇంజన్లలో పాయింట్లు ఫ్లైవీలు కింద దాగి ఉండవు. ఇంజను పక్కన చిన్న మూత కింద ఉంటాయి, క్యాము నుంచి వచ్చే చిన్న కడ్డీ వాటిని తెరుస్తుంది. పూర్తిగా తెరుచుకున్నప్పుడు మధ్య ఎడం 0.020 అంగుళం, అంటే సుమారు అర మిల్లీమీటరు ఉండాలి. కొన్నాళ్లు ఊరికే ఉన్న పాయింట్ల ముఖాల మీద పొర పడుతుంది కాబట్టి, శుభ్రమైన గట్టి కాగితాన్ని వాటి మధ్య పెట్టి రెండుసార్లు లాగి, ఆ తరువాతే ఎడం కొలవాలి.

ఇంజను బతకాలంటే మీ అబ్బాయికి మరో మాట చెప్పండి. అందులో ఆయిలు పంపు లేదు. కనెక్టింగ్ రాడ్డు కింది కొనకున్న చిన్న గరిటె తిరిగినప్పుడల్లా ఆయిలును చిమ్మి పైకి కొడుతుంది. ఆ రాడ్డు అల్యూమినియముది, విడి బేరింగు లేకుండా నేరుగా క్రాంకు మీదే తిరుగుతుంది. ఆయిలు కాస్త తగ్గినా, బాగా వాలుగా ఉన్న గట్టు మీద ఎక్కువసేపు నడిపినా గరిటెకు ఆయిలు అందదు, రాడ్డు విరిగి ఇంజను పక్కను చీల్చుకొని బయటికి వస్తుంది. పాత కోలర్లు ఎక్కువగా చనిపోయేది ఇలాగే. కాబట్టి గడ్డి కోసే ప్రతిసారీ ముందు డిప్‌స్టిక్కు చూడమనండి. కత్తి కిందికి చేయి పెట్టేముందు స్పార్క్ ప్లగ్గు తీగ ఊడదీయమనండి.

మూత వదులు చేసిన పరీక్షా, రవ్వ రంగూ ఏమని తేలాయో ఒక కార్డు రాస్తే, వచ్చే సంచికలో కార్బ్యురేటరు సంగతి చూద్దాము. ఈ రెండింటిలో ఏదీ తప్పు కాదని తేలితేనే దాని జోలికి వెళ్లాలి.